సంచి కింద పేపరు

తమ్ముడూ,

అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు, నా చూపు సంగతి నీకు తెలిసిందే. ఫోను మీ బావ జేబు దాటదు. అందుకే పనమ్మాయి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

కడుపులోకి గొట్టంతో సంచి నీళ్ళు ఎక్కించి, మళ్ళీ బయటికి తీసి ఇంట్లో చేసుకునే డయాలసిస్‌తో లోపల ఇన్ఫెక్షన్ వచ్చింది. యాంటీబయాటిక్ ఆ నీళ్ళ సంచిలోనే కలిపి లోపలికి ఎక్కిస్తున్నారు. బయటికొచ్చిన నీళ్ళ సంచిని పేపరు మీద పెట్టి చూడాలి. కింది అక్షరాలు కనబడితే మందు పనిచేస్తున్నట్టు. మసకగానే ఉంటే వెంటనే రమ్మన్నారు డాక్టరు, గొట్టం తీసేయాల్సి రావచ్చట. ఆ మాటకే మీ బావకి ముచ్చెమటలు పట్టాయి.

తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, రోజూ ఆ సంచిలోంచి నాకు వార్తలు చదివి వినిపిస్తారు. "అద్దంలా ఉన్నాయే!" అంటారు. నొప్పి తగ్గలేదంటే, "అన్నీ నీ అనుమానాలే" అని కసురుతారు.

ఇవాళ ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు సంచి కింద ఇవాళ్టి పేపరు తీసేసి, అలమారలో పరిచిన పాతది పెట్టాను. ఆయన తడుముకోకుండా, పొద్దున కాఫీ తాగుతూ చదివిన వార్తే మళ్ళీ చదివారు.

"అవునండీ, అద్దమే" అన్నాను.

ఆయన మీద అరవకు. భయంతోనే అలా చదివారు పాపం. ఆ సంచి పారబోయనివ్వకుండా మంచం కింద దాచాను. ఇది అందగానే వచ్చి నన్నూ, దాన్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళు. బయల్దేరే ముందు నిన్నూ చదవమంటాను. కనబడకపోతే, కనబడలేదనే చెప్పరా.

అక్క