ఇద్దరు కుర్రాళ్ళు, ఒక గోల్‌కీపర్

వెల్బీ, సస్కాచివాన్, కెనడా
జనవరి 8

డార్సీ నాన్నా,

ప్రతి క్రిస్మస్‌కీ నీ సంతకం ఒక్కటే ఉన్న కార్డు వస్తోంది. నాలుగేళ్ళు మా ఇంట్లో ఉండి మన క్లబ్బుకి ఐస్ హాకీ ఆడినవాడికి రెండు ముక్కలు రాయడానికి చేతులు రాలేదా అని వాసిల్ బాబాయి దగ్గర సణిగాను. అసలు రాయాల్సింది నేను. మూడేళ్ళుగా రాయలేదు.

ఆటగాళ్ళ మార్పిడికి ఎల్లుండే ఆఖరు. మంచు రింకులో కాఫీ బల్ల దగ్గర మళ్ళీ అదే గోల. జట్టు అడుగున ఉంది కదా, ఎలాగూ ఈ ఏడుతో వయసు దాటి వెళ్ళిపోయే ఇరవయ్యేళ్ళవాళ్ళను గెలిచే జట్లకిచ్చి చిన్నవాళ్ళను తెచ్చుకోవాలట. "ఈ ముసలాళ్ళని ఇంకెన్నాళ్ళు మోస్తాం? ఇచ్చి పారేస్తే పీడా పోద్ది" అన్నాడు లోర్న్. "ఇరవయ్యేళ్ళోడు ముసలాడైతే నువ్వేంట్రా, శవానివా? కెప్టెన్ని కూడా ఇచ్చేసి ఎవర్ని చూడ్డానికి రావాలి, నిన్నా?" అంది గెర్డా. అందరూ నవ్వారు. అంతలో మేనేజర్ రస్సెల్ నా పక్కకొచ్చి, "మీ ఇంట్లో కుర్రాణ్ణి కూడా అడుగుతున్నారు. డార్సీ అప్పటిలా ఇప్పుడూ అడ్డం పడతావా, ఒరిసియా?" అన్నాడు. కప్పు అక్కడే పెట్టి ఇంటికొచ్చేశాను.

నీ ఆఖరి ఏడు ఫోర్ట్ హేలీ వాళ్ళు నిన్ను అడిగారు నాన్నా. ఊరికే కాదు. నీ ఒక్కడికి బదులు ఇద్దరు పదిహేడేళ్ళ కుర్రాళ్ళనూ, ఒక గోల్‌కీపర్‌నూ ఇస్తామన్నారు. మన క్లబ్బులో అంత విలువ ఎవరికీ కట్టలేదని రస్సెల్ చెప్పాడు. నీ సామాను సర్దాలి కదా అని ముందు నా దగ్గరికొచ్చాడు. నేను సర్దలేదు. వాడి మనసు బలహీనం, కొత్త చోట నిలవలేడు, చెదిరిపోతాడు అని అబద్ధమాడాను. పద్దెనిమిదేళ్ళుగా క్లబ్బు పంపిన ఏ కుర్రాణ్ణీ ఇంట్లో పెట్టుకోనని అనలేదు, నాకోసం ఈ ఒక్కటీ చెయ్యమని ఏడ్చాను. నీకు తెలియనివ్వొద్దని కూడా నేనే అన్నాను. నీ మనసుకే లోపమూ లేదు. నీ కుర్చీ ఖాళీగా చూడలేననిపించింది, అంతే. నీకన్నా ముందు పదిమంది వచ్చి వెళ్ళారు. అందరికీ డబ్బాల్లో బంగాళదుంప కూరిన పెరోగీలు సర్ది నవ్వుతూ పంపాను. నీ దగ్గరే చేతకాలేదు. వచ్చిన మొదటి వారం, "మా అమ్మ ఉంది కదా, నిన్ను అమ్మా అనలేను, పిన్నీ అననా?" అని అడిగావు. అప్పటినుంచీ నువ్వు క్లబ్బు పిల్లాడివన్న సంగతే మరిచిపోయాను.

గడువు దాటిన మధ్యాహ్నం లోర్న్ నీ వీపు మీద చరిచి, "ఏంట్రా పెద్దోడా, ఓ డబ్బా పాత హాకీ బిళ్ళలిచ్చైనా నిన్నెవడూ తీసుకోలేదా?" అన్నాడు. నువ్వూ నవ్వావు. కాఫీ కూజా పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. నిజం నా నోట్లోనే ఉంది. ఆ వసంతంలో ఫోర్ట్ హేలీ కప్పు గెలిచింది. వాళ్ళలో ఇద్దరిని పెద్ద లీగులవాళ్ళు తీసుకుపోయారు. నువ్వు గనిలో లారీ తోలుతున్నావు. ఆ పాపం నాదే. ఈ కుర్రాడి సంచి రేపు నా చేత్తోనే సర్దుతాను. నిన్ను క్షమించమని అడగడానికి మాత్రం నాకు మొహం లేదు.

నీ బతుక్కి అడ్డం పడ్డ
ఒరిసియా పిన్ని

*

గని క్యాంపు
జనవరి 27

పిన్నీ,

నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. మొదట చించేద్దామనుకున్నాను. చాలా కోపం వచ్చింది, ఇంకా ఉంది. అక్కడ ఆడి ఉంటే నేనేమయ్యేవాణ్ణో నీకూ తెలియదు, నాకూ ఇక తెలియదు.

నీకు తెలియనిది ఒకటుంది. గడువుకు వారం ముందు నేనే రస్సెల్ దగ్గరికెళ్ళి, ఎక్కడికైనా పంపమని అడిగాను. గడువు దాటాక, "ఎవరూ అడగలేదురా" అన్నాడు. నమ్మాను. లోర్న్ మాటకు నవ్వింది అందుకే, ఏడవలేక. ఆ వేసవిలో పెద్ద లీగుల జట్లు రెండు శిక్షణకు రమ్మని కబురు పెట్టాయి. ఇది ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ అక్కర్లేనివాణ్ణి, జాలిపడి పిలిచారేమో, వెళ్ళి పరువు పోగొట్టుకోవడమెందుకని వెళ్ళలేదు. స్కేట్లు ఎవరికో ఇచ్చేశాను. మీ ఇంటికి రాకపోవడం కూడా అలిగి కాదు. ఆ కాఫీ బల్ల ముందు నిలబడే ధైర్యం లేక.

ఇప్పుడప్పుడే రాలేను. పెరోగీలు పంపకు, తినలేను. ఆ కుర్రాడు వెళ్ళినా, మీ దగ్గరే ఉన్నా, అవతలివాళ్ళు తనకోసం ఏమేమి ఇస్తామన్నారో మాత్రం తనకి చెప్పు.

నీ ఉత్తరంలో రెండో పేజీ ఒక్కటీ లారీలో పెట్టుకున్నాను. బండి ఆగినప్పుడల్లా తీసి చూస్తున్నాను. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక గోల్‌కీపర్. రస్సెల్ నిజంగా అంతే అన్నాడా? నా మీద ప్రేమకొద్దీ నువ్వేమీ కలపలేదు కదా? ఇంకొక్కసారి రాయి పిన్నీ.

డార్సీ