పదో ముక్క

మార్చి 19, ఆదివారం

మా యూదుల పస్కా పండుగకి ఇంకా రెండున్నర వారాలుంది. గిట్టెల్ అత్త ట్రామ్ దిగి వచ్చీ రాగానే ఫ్రీజర్ తెరిచింది. అడుగున, బఠాణీల కింద, శుక్రవారాలకని అమ్మ చేసిన హల్లా రొట్టె ఉంది. ఆఖరిది. జనవరిలో, ఇక్కడి నడివేసవిలో, ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండలో, అమ్మ కుర్చీలో కూర్చునే పిండిని ఆరు పాయల జడగా అల్లింది. నాలుగు రొట్టెలు. మూడు తిన్నాం. నాలుగోది తినేలోపు అమ్మ పోయింది.

అత్త వేళ్ళు మడుస్తూ చెప్పింది. పండుగ ఎనిమిది రోజులూ పులిసిన పిండితో చేసిందేదీ మనదై ఉండకూడదు. తినెయ్యాలి, కాల్చెయ్యాలి, లేదా మన గురువు రబ్బీ చేత యూదులు కాని బయటివాళ్ళకి అమ్మించాలి. ఈ శుక్రవారం తినేద్దామంది. తమ్ముడు ఆన్షెల్ బల్ల కిందికి దూరాడు. వాడికి ఆరేళ్ళు. నాన్న పేపరు మడిచి, మళ్ళీ విప్పాడు.

నేనే చెప్పాను, అమ్మేద్దామని. రొట్టె గరాజ్ ఫ్రీజర్లో, రోజువారీ గిన్నెలు అల్మారాలో పెట్టి టేప్ వేస్తాం. ఎనిమిది రోజులు కాగితం మీద అవి మనవి కావు. ఆ తర్వాత రబ్బీ తిరిగి కొంటాడు, మళ్ళీ మనవే. బల్ల కిందికి వంగి ఆన్షెల్‌కి కూడా చెప్పాను.

"అందులో పెట్టినవి తిరిగొస్తాయిరా."

అన్నీనా అని అడిగాడు. అన్నీ అన్నాను.

ఈ వారం నాకు నచ్చిన మాట: తాత్కాలికం. పలుకుతుంటే నాలుక నాలుగు మెట్లు దిగినట్టుంటుంది.

మార్చి 28

పులిసిన పిండి తగిలిన వంటింటి గట్టంతా ఫాయిల్ అంటించాం. అమ్మ ఏప్రన్ ఉతకలేదు. పిండి మరకలతోనే అల్మారాలో తగిలించి టేప్ వేశాను.

ఏప్రిల్ 2, ఆదివారం

పొద్దున్నించీ వంట. చెల్లి మీరెల్ ఒక్కో గుడ్డూ గ్లాసులో కొట్టి, మేం తినకూడని నెత్తురు చుక్క ఉందేమోనని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. అచ్చం అమ్మలాగే ఒక కన్ను మూసి. తొమ్మిదేళ్ళ పిల్లకి అది ఎవరూ నేర్పలేదు. ఆన్షెల్ ఆపిల్ తురిమి, వాల్‌నట్లు దంచి, సగం తినేశాడు. పులియని మట్సా రొట్టె పొడితో సూప్‌లో వేసే ఉండలు నేను చేశాను. రాళ్ళయ్యాయి. వీటితో క్రికెట్ ఆడుకోవచ్చే అంది అత్త. అమ్మవి తేలేవి. ఏం కలిపేదో నేను ఒక్కసారీ అడగలేదు. ఎప్పుడూ పుస్తకంలో తలపెట్టి ఉండేదాన్ని.

పండుగ భోజనంలో చేదు కోసం హార్స్‌రాడిష్ వేరు తురమాలి. ఆ ఘాటుకి ఎవరికైనా కళ్ళనీళ్ళు కారతాయి. తనే తురుముతానని నాన్న పెరట్లోకి పట్టుకెళ్ళాడు. మాకు ఒక సీసా చాలు. నాన్న మూడు సీసాలు నింపి గానీ లోపలికి రాలేదు.

ఏప్రిల్ 4, మంగళవారం, రాత్రి 8

ఇది ఇప్పుడే రాయాలి.

చీకటి పడగానే దీపాలార్పి, కొవ్వొత్తి పట్టుకుని ఇల్లంతా వెతుకుతాం, పులిసింది ఏమైనా మిగిలిందేమోనని. వెతికేవాళ్ళకి దొరకడానికి పది రొట్టె ముక్కలు ముందే దాచిపెడతాం. దాచే పని ఆన్షెల్‌ది. వాడి కోసం రొట్టె తీసిపెట్టడం నేను మరిచిపోయాను.

మొదటి పొట్లం పుస్తకాల అర మీద దొరికింది. నాన్న ఫాయిల్ విప్పాడు. నిగనిగలాడే గోధుమరంగు పైపొర, గసగసాలు. మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎక్కడిదిరా ఇది అని మెల్లగా అడిగాడు.

"అమ్మదే. ఎప్పుడూ అమ్మ రొట్టె ముక్కలే కదా దాచేది?"

నిజమే. ఏ ఏడూ వేరే రొట్టె వాడలేదు. వాడు మధ్యాహ్నమే గరాజ్‌లో టేప్ ఊడదీసి, రొట్టె మెత్తబడే దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పది ముక్కలు చేశాడు. మొత్తం రొట్టె.

తొమ్మిది దొరికాయి. పదోది ఎక్కడంటే ఆన్షెల్ నోరు విప్పలేదు. సోఫా కూడా తిరగేశాం. అల్మారా టేప్ ఒక మూల లేచి ఉంటే నేనే నొక్కి అంటించాను.

ఆ తొమ్మిదీ మళ్ళీ ఫ్రీజర్లో పెట్టేద్దాం నాన్నా అని బతిమాలాను. ఆయన తొమ్మిదింటినీ ఒక సంచిలో వేసి మూతి ముడేశాడు.

"దొరికింది దాచుకుంటే వెతికినట్టు కాదమ్మా."

ఏప్రిల్ 5, బుధవారం, మధ్యాహ్నం

ఆ తొమ్మిది ముక్కల్నీ పెరట్లో రేకు డబ్బాలో కాల్చాం. ముందు వచ్చింది మాడిన వాసన కాదు. శుక్రవారం వాసన. అమ్మ ఓవెన్ తలుపు తీసినప్పటి వాసన. మీరెల్ కళ్ళు మూసుకుంది. ఎవరమూ కదల్లేదు. తర్వాత అది బొగ్గు వాసనయింది.

నాన్న మంత్రం చదివాడు: నేను చూసినా చూడకపోయినా, నా దగ్గరున్న పులిసినదంతా ఎవరిదీ కాకుండుగాక, నేల మీది దుమ్ముతో సమానమగుగాక. మనసారా అనుకోవాలట. నేను పెదాలతోనే అన్నాను.

సాయంత్రం నుంచి పండుగ. పండుగలో రాయకూడదు కనక అయ్యేదాకా రాయను.

ఏప్రిల్ 14, శుక్రవారం

నిన్న రాత్రితో పండుగ అయిపోయింది. పొద్దున అల్మారా టేప్ తీశానో లేదో, ఆన్షెల్ నన్ను తోసుకుని వెళ్ళి అమ్మ ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టాడు. ఫాయిల్ పొట్లం.

పండుగంతా ఇది ఇంట్లోనే ఉండిపోయింది, తప్పేమోనని నాన్న రబ్బీకి ఫోన్ చేశాడు. ముక్క ఎక్కడుందని ఆయన అడిగాడు. టేప్ వేసిన అల్మారాలో అంటే, అల్మారాతో పాటే అదీ అమ్ముడుపోయింది, ఇప్పుడది మీదే అన్నాడు. నాన్న నవ్వబోయి ఆగిపోయాడు.

ఆన్షెల్ పొట్లం విప్పాడు. పచ్చగా, నూగునూగుగా బూజు.

"తిరిగొచ్చింది గానీ, ఇలా వచ్చిందేంటక్కా?"

ఏప్రన్ కట్టుకుని పిండి కలిపాను. పిల్లలం ముగ్గురం తలో రెండు పాయలు పట్టుకుని జడ అల్లాం. వంకరగా వచ్చింది. అల్లే ముందు, అమ్మ ఎప్పుడూ చేసినట్టే, దేవుడి వాటాగా కాల్చడానికి చిన్న ముద్ద తుంచి పక్కన పెట్టాను. ఫాయిల్‌లో చుడుతుంటే ఆన్షెల్ ఆగమన్నాడు. పదో ముక్కని దాని పక్కన పెట్టాడు. రెండూ ఓవెన్ అడుగున ఒకే పొట్లంలో మాడాయి.

ఏప్రిల్ 16, ఆదివారం

పొద్దున ఆన్షెల్ మళ్ళీ ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి చూశాడు. వాడు వెళ్ళాక నేనూ చూశాను.