నకలే ఇచ్చాననుకున్నాను

బొంబాయి,
ఆదివారం.

అన్నకు వెంకటేశు దండాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు. నేను బెంగపడకుండా ఉండాలని అట్లా రాశావేమోనని నాకు అనుమానం. నిజం రాయి.

ఇక్కడ ముసురు పట్టిందంటే వారమైనా వదలదు. ఉతికిన బట్టలు గదిలోనే వాసన వేస్తున్నాయి. హోటల్లో పప్పు కూడా తియ్యగా ఉంటుంది. రాములు జొన్నరొట్టె చేస్తాడు కాబట్టి బతుకుతున్నాను. రాములుది గోపాల్‌పేట దగ్గర, సేద్యం చేసుకునే ఇల్లు. నా గదిలోనే ఉంటాడు, నాలాగే మా ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. మంచివాడే. అయితే మా ఇద్దరిలో ఒక్కరినే పర్మనెంటు చేస్తామని పెద్దసారు చెప్పినప్పటి నుంచి అతని మీద ఒక కన్ను వేసి ఉంచాను.

దూలాలకు ఎంత ఇనుము పడుతుందో లెక్క తేల్చే ప్రోగ్రాం మాకు అప్పగించారు. అసలు ప్రోగ్రాం నాది. అందులో పిలిస్తే వచ్చి ఒక పని చేసి పోయే చిన్న భాగాన్ని సబ్‌రొటీన్ అంటారు, అది రాములు రాశాడు. నేను దూలం పొడవు ఇస్తాను. అది గోడల్లో కూర్చునే భాగం తీసేసి, మిగతా లెక్క కట్టి పంపుతుంది. తిరిగొచ్చాక చూస్తే నేనిచ్చిన పొడవే తగ్గిపోయి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. ఇంకెవరు చేస్తారు? నేరుగా సారు దగ్గరికి పోయి, రాములు నా ప్రోగ్రాం చెడగొడుతున్నాడని చెప్పాను. సంగతి తేలేదాకా ఆఫీసుకు రావద్దని సారు అతనికి చెప్పాడు.

ఆ సాయంత్రం రాములు రొట్టె కాలుస్తూ ఒకటే అడిగాడు. "నా ప్రోగ్రాం మొదట్ల ఏం రాసిన్నో సదివినవా?"

"ఏముంది గండ్ల?"

"పోయి సూడు. గిప్పుడు నేను చెప్తే నమ్మవు."

ఇదేదో ఎత్తు అనుకున్నాను. అయినా మరునాడు చూశాను. 'ఇచ్చిన పొడవు లోపల మారుతుంది, ముందే వేరే చోట దాచుకోవాలి' అని మొదటి వరుసలోనే ఉంది. అర్థం కాక, ఆఫీసులో ఎన్నో ఏళ్లుగా ఉన్న ఒక మేడంను అడిగాను. ఆమె విడమరిచి చెప్పాక తెలిసింది.

మన ఇంట్లో నాయన గీసిన చీర అంచు గ్రాఫును ఇంకో మగ్గానికి ఇవ్వాలంటే నకలు గీసి ఇస్తాం కదా, వాళ్లు ఎంత దిద్దుకున్నా మనది మనకు ఉంటుంది. నేను నేర్చుకున్న పాస్కల్ భాషలో కూడా అంతే, ప్రత్యేకంగా చెప్తే తప్ప సబ్‌రొటీన్‌కు నకలే పోతుంది. సీ అనే భాషలోనూ నకలే, అసలు కావాలంటే అది ఉన్న చోటు మనమే చెప్పాలి. మా ఆఫీసులో వాడేది ఫోర్‌ట్రాన్. ఇది అడగకుండానే అసలు ఉన్న చోటునే చూపిస్తుంది, లోపల దిద్దితే మనదే దిద్దినట్టు. తెలియక అసలుదే చేతికిచ్చింది నేను, దొంగను చేసింది రాములును.

చాలా సిగ్గేసింది అన్నా. చెప్తే పర్మనెంటు ఉద్యోగం అతనికే దక్కుతుందని ఒక పూటంతా నోరు మూసుకున్నాను. అది ఇంకా సిగ్గు. చివరికి సారుకు చెప్పేశాను. రాములును పర్మనెంటు చేశారు. నన్ను ఇంకో ఆరు నెలలు చూస్తారట.

ఇంత జరిగినా నా గుణం పోలేదు. "ముందే నోటితోటి చెప్తే ఏం పోయె నీకు?" అని అడిగాను.

"రాసిన గద. సదువుతవనుకున్న," అన్నాడు.

రెండు మగ్గం తువ్వాళ్లు, కొంచెం పల్లీల పొడి ఎవరైనా వచ్చేవాళ్లతో పంపు. తోవలో ఎవరూ విప్పకుండా గట్టిగా కుట్టి పంపు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మకు నా తరఫున కాళ్లు మొక్కు. నేను బాగానే ఉన్నానని చెప్పు, కింద రాసింది మాత్రం చదివి వినిపించకు.

రాములు నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. రొట్టె కూడా నాకు పెట్టే తింటున్నాడు. కానీ నిన్న పొద్దున బజారుకు పోయి కొత్త తాళం కొనుక్కొచ్చాడు. ఇప్పుడు స్నానానికి పోయినా తన రేకుపెట్టెకు తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకుని పోతున్నాడు.

నీ దీవెన కోరే తమ్ముడు,
వెంకటేశు