ఫోన్లో చెప్పిన పేరు

సుజాతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పంజాగుట్ట ఆసుపత్రిలో మన వార్డేమీ మారలేదు. డాక్టర్‌ని ఎదురడిగితే నర్సుకి ఇప్పటికీ తిట్లే.

ఇవాళ ఆరో బెడ్ పెద్దావిడకి రోజూలాగే ఇన్సులిన్ ఇచ్చేయమని సార్ ఫోన్ చేశారు. ఆవిడ పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, ఇప్పుడిస్తే షుగర్ పడిపోతుంది. ఆ మాట చెప్పడానికి కొడుకూ లేడు, అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసుకి వెళ్లాడు. నేనే చెప్పబోయాను.

"జర ఊకో, సార్ మస్తు గరమైతడు," అంది పక్కనున్న నర్సు రజిత.

నువ్వైతే అడిగేదానివి. అలా అడిగినందుకే కదా, అందరి ముందూ నీచేత క్షమాపణ చెప్పించారు!

"సార్, ఆవిడ ఏమీ తినలేదు. అయినా ఇవ్వమంటారా?"



"వద్దు, ఆపండి," అన్నారు సార్. వెంటనే, "మాట్లాడేదెవరు?"

భయంతో నీ పేరు చెప్పేశానక్కా. నిన్నయితే ఇక ఎవరూ ఏమీ అనలేరు కదా.