నాలుగో పరికరం

ఫిబ్రవరి 4

టీచరమ్మకు,

ఫోన్ చేయొద్దన్నావు. చెప్పాలనుకుంటే ఉత్తరం రాయండి, రాసేటప్పుడైనా ఆలోచిస్తారు అన్నావు. ఆలోచించడానికి అయిదు నెలలు పట్టింది.

నువ్వు వెళ్తూ ఫ్రిజ్ మీద అంటించిన చీటీలో మూడు పనులున్నాయి. గ్యాస్ రెగ్యులేటర్ మార్పించడం, బీపీ మాత్రలు మానకుండా వేసుకోవడం, వైఫైకి పాస్‌వర్డ్ పెట్టడం. మొదటి రెండూ అయ్యాయి. మూడోది మొన్న మొదలుపెట్టాను.

నెట్ కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, మాటలో చురుకు. రౌటర్‌ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "ఆరేళ్లుగా దీనికి తాళమే లేదా సార్? ఇది వైఫై కాదు, వీధి కుళాయి" అంది. నేను పత్రికలో పనిచేస్తానని తెలిశాక, ఊళ్లోవాళ్ల గుట్టు మీరు రాస్తారు, మీ గుట్టు ఊరికి వదిలేశారు అని కూడా అంది. ఆ డబ్బా కింద స్టిక్కర్ మీద సెట్టింగుల్లోకి వెళ్లే ఒక పాస్‌వర్డ్ అచ్చేసి ఉంటుందట. అది కంపెనీ అన్ని డబ్బాలకూ ఇచ్చేదే కాబట్టి ముందు దాన్ని మార్చాలి. తర్వాత సెట్టింగుల్లో 'భద్రత: లేదు' అని ఉన్నచోట కొత్త రకం భద్రత ఎంచుకుని, మన పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టుకోవాలి. అన్నీ చూపించింది కానీ చివరి పని చేయలేదు. పాస్‌వర్డ్ తన ముందు పెట్టొద్దు, అది తనకు తెలియకూడదు అంది. వెళ్తూ, "ముందు లిస్టు చూసుకోండి సార్. మీవి కానివి ఏం తగులుకున్నాయో తెలుస్తుంది" అంది.

చూశాను. నా ఫోను, నా ల్యాప్‌టాప్, ప్రింటరు. నాలుగోది ఒకటుంది. దానికి పేరు లేదు, పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వరస మాత్రం ఉంది. ఉదయం ఏడింటికి వస్తుంది. తొమ్మిదికి పోతుంది. నోట్‌బుక్కులో రాసి పెట్టాను: నిన్న అలాగే, ఇవాళ అలాగే.

పాస్‌వర్డ్ పెడితే అది పోతుంది. రెండు నిమిషాల పని. ఇంకా పెట్టలేదు. ముందు ఎవరో తేలాలి కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజం అది కాదు. ఇవాళ ఏడు కాకముందే టీ పెట్టుకుని లిస్టు ముందు కూర్చున్నాను. అది వచ్చాకే తాగాను. ఆ లిస్టులో నాది కానిది అదొక్కటే.

నీ విలేకరి


ఫిబ్రవరి 15

టీచరమ్మకు,

నీ జవాబు రాలేదు. రాయాలని నియమమేమీ లేదు.

నాలుగోదాని సంగతి. ముప్పై ఒక్క ఏళ్లు వార్తలు రాసినవాణ్ణి, ఇంట్లోకి వచ్చిపోయేది ఎవరో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. వారం రోజులు వాకబు చేశాను. పై అంతస్తులో ఉండే రిటైరైన డ్రైవర్‌ని అడిగితే జేబులోంచి ఫోను తీసి నా అరచేతిలో పెట్టాడు. "బటన్ల ఫోను సార్. దీనికి టైమ్ చూపించడమే బరువు" అన్నాడు. కింద టైలర్, ఏడింటికి తను లేస్తే కదా నా నెట్ వాడేది అని నవ్వాడు. అతని భార్య మాత్రం నవ్వలేదు. టీచరమ్మగారు ఎప్పుడొస్తారు అని అడిగింది. సెలవుల్లో అన్నాను. ఏ సెలవుల్లో అని అడగలేదు, అది ఆమె మంచితనం.

మిగిలింది ఎదురుగా బస్టాపు. మూడు రోజులు ల్యాప్‌టాప్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు, ఆసుపత్రి నర్సు, టిఫిన్ డబ్బాతో ఒక గుమాస్తా. ఏడున్నర బస్సుకు నలుగురూ వెళ్లిపోతారు. నాలుగోది వెళ్లదు. వాన పడి బస్టాపులో పురుగు కూడా లేని రోజు కూడా సరిగ్గా ఏడింటికి వచ్చింది. ఒక్కరిమీదా ఆధారం దొరకలేదు.

పదో తారీఖు సాయంత్రం పాస్‌వర్డ్ పెట్టేశాను. పదహారు అక్షరాలు. పదకొండున ఉదయం లిస్టులో మూడే ఉన్నాయి. మూడూ నావే. తొమ్మిది దాకా కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

ఆ రెండు గంటల్లో నేను ఆలోచించింది రౌటర్ గురించి కాదు. నీకు రాయాల్సిన ఉత్తరం ఇదీ, పోయినది కాదు.

ఆగస్టులో మీ బడి లైబ్రరీ పైకప్పు పెచ్చులూడి ఒక పాప చెయ్యి విరిగింది. మరమ్మతు పూర్తయిందని ఉన్న కాగితం మీద నీ సంతకం ఉంది. ఆ కాగితం నకలు నా చేతికొచ్చింది. వార్త రాశాను. విచారణ జరిగింది, నిన్ను బదిలీ చేశారు, నువ్వు వెళ్లిపోయావు. సంతకం నీదే. ఆ ముక్క నువ్వూ కాదనలేదు. అందుకే ఇన్నాళ్లూ నా వైపు తప్పు లేదని మొండికేశాను.

ఆ వార్త చివరి వాక్యం నీకు గుర్తుండే ఉంటుంది. 'వివరణ కోసం ప్రయత్నించగా ప్రధానోపాధ్యాయురాలు అందుబాటులోకి రాలేదు.' అది రాసినప్పుడు సాయంత్రం ఆరున్నర. నువ్వు వంటింట్లో ఉన్నావు. కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. నీ ఫోను నా బల్ల మీదే ఛార్జింగులో ఉంది. ఇంజనీరుకు ఫోన్ చేశాను, కాంట్రాక్టరుకు రెండుసార్లు చేశాను, పాప తండ్రి దగ్గరికి వెళ్లొచ్చాను. పదడుగుల దూరంలో ఉన్న నిన్ను అడగలేదు. భార్యని వెనకేసుకొచ్చాడంటారని భయపడ్డానని డెస్క్‌లో చెప్పాను. అసలు భయం వేరు. నువ్వేదైనా చెబితే ఆ వార్త సగమైపోతుందని. మొదటి పేజీ వార్త అది.

ముప్పై ఒక్క ఏళ్లలో నేను తెలిసి రాసిన అబద్ధం ఆ ఒక్క వాక్యమే. అది నీ గురించి రాశాను.

నీ విలేకరి


ఫిబ్రవరి 22

విలేకరి గారికి,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి నవ్వుకున్నాను. ఎన్ని రోజులకు కనుక్కుంటారో చూద్దామని జవాబు రాయలేదు. రెండోది చదివాక నవ్వు రాలేదు.

నాలుగోది నాది.

వెళ్లే ముందు వారం మన పడగ్గది అల్మరా మీద ఒక ఫొటో ఫ్రేమ్ పెట్టాను. నేను ఇక్కడ ఫోన్లోంచి పంపితే అక్కడ దాని తెర మీద పడుతుంది. ఏడింటికి వెలిగి తొమ్మిదికి ఆరిపోయేలా పెట్టాను, ఎందుకంటే మీరు ఆఫీసుకి వెళ్లేది తొమ్మిదికి. "గదిలో ఒకటి పెట్టాను, చూడండి" అని మీకు చెప్పాను. మీరు ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా ఊఁ అన్నారు. ఊఁ అన్నారంటే విన్నారనుకున్నాను. ఇరవై ఆరేళ్ల తర్వాత కూడా అలా అనుకోవడం నా తప్పే.

అయితే ఆ గది తలుపు మీరు తీయనే లేదన్నమాట. ముందు గదిలో దివాను మీదే పడుకుంటున్నారు కదూ. నడుం నొప్పి ఎలా ఉంది?

రోజూ బడికి వెళ్లే ముందు ఒక ఫొటో పంపాను. గొప్పవేం కావు. నా కిటికీ, తెగిన చెప్పు, నల్లబల్ల మీద పిల్లలు వేసిన నా బొమ్మ. కోపంగా ఉన్న రోజు కూడా పంపాను. ఏదో ఒకటి చూసి ఒక్క మాటైనా రాస్తారని. డిసెంబరులో మీ పుట్టినరోజున సర్దిన సంచీ ఫొటో పంపాను. ఆ రోజు మీరు ఒక్క మాట అని ఉంటే బస్సెక్కేదాన్ని. సాయంత్రం దాకా చూసి సంచీ విప్పేశాను.

పదకొండో తారీఖు నుంచి ఫ్రేమ్ దొరకడం లేదని నా ఫోన్లో వస్తోంది. అది నాదని తెలిసే, ఆఖరికి నన్ను బయట పెట్టి గొళ్లెం పెట్టారనుకున్నాను. మీ రెండో ఉత్తరం వచ్చాక అర్థమైంది.

ఊరంతా తిరిగారు. డ్రైవర్ గారిని అడిగారు, టైలర్‌ని అడిగారు, బస్టాపుని మూడు రోజులు కాపలా కాశారు. సొంత ఇంట్లో ఒక తలుపు తీయలేదు. ఆగస్టులోనూ ఇంతే చేశారు.

ఇంకో మాట. మీరు తప్పు ఒప్పుకున్నారు, బాగానే ఉంది. ఆ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివాను. అందులో కూడా నా వివరణ ఏమిటని అడగలేదు.

మీ టీచరమ్మ


మార్చి 1

టీచరమ్మకు,

ఉత్తరం అందిన రోజే, ఇరవై ఐదున, గది తలుపు తీశాను. గడియ బిగుసుకుపోయింది, సుత్తితో కొట్టాల్సి వచ్చింది. ఫ్రేమ్ మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంది. తుడిచి ఆన్ చేశాను. వైఫై వెతుకుతూ ఆగిపోయి ఉంది. పదహారు అక్షరాలూ దాంట్లో కొట్టడంలో మూడుసార్లు తప్పాను. బీపీ మాత్ర వేసుకున్నాను, కంగారు పడకు.

సెప్టెంబరు పది నుంచి ఫిబ్రవరి పది దాకా నూట యాభై నాలుగు ఫొటోలు ఉన్నాయి. ఆగిపోయిన పదిహేనూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. అన్నీ తారీఖులతో నోట్‌బుక్కులో ఎక్కించాను. సంచీ దగ్గర ఆగిపోయాను. ఆ రోజు నేనేం చేస్తున్నానో పాత నోట్‌బుక్కు తీసి చూశాను. మున్సిపల్ సమావేశం. ఒంటిగంటకి ఇంటికొచ్చి అన్నం తిని, ఆ గది గోడకి ఆనుకుని పడుకున్నాను.

ఇప్పుడు ఆ గదిలోనే పడుకుంటున్నాను. నడుం కుదుటపడింది.

డెస్క్ ఇన్‌ఛార్జికి సవరణ రాసిచ్చాను. "ఆరు నెలల తర్వాత సవరణేంటి గురూ, పాఠకులు మర్చిపోయారు" అన్నాడు. మర్చిపోనివాళ్లు ఒకరున్నారని చెప్పాను. నిన్న ఆరో పేజీలో అడుగున వచ్చింది. కత్తిరించి జత చేస్తున్నాను. 'ప్రధానోపాధ్యాయురాలు వివరణకు అందుబాటులోకి రాలేదని ఆగస్టులో ప్రచురించాం. అది వాస్తవం కాదు. ఆమె అందుబాటులోనే ఉన్నారు. విలేకరి అడగలేదు.'

కాబట్టి అడుగుతున్నాను. ఆ కాగితం మీద ఎందుకు సంతకం చేశావు? నీ వివరణ ఏమిటి? ఈ పేజీ కింద సగం ఖాళీగా వదిలాను. చాలకపోతే వెనక కూడా రాయి.

రెండో ప్రశ్న. ఈ ఉదయం ఏడుంపావుకి ఫ్రేమ్ మీద బస్సుల వేళల బోర్డు పడింది. మన ఊరి వరస మీద నీ వేలు ఉంది, శనివారం బస్సు దగ్గర. దాన్నిబట్టి నేను ఏమీ అనుకోవడం లేదు. ఒక్క ఆధారం పట్టుకుని వార్త రాసుకోకూడదు.

అందుకే నిన్నే అడుగుతున్నాను. వస్తున్నావా?

నీ విలేకరి