లారీ ఎవరిదో వనజ రాసింది

బళ్ళారి,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సుశీలక్కకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. నువ్వు, బావ, పిల్లలు, అమ్మానాయనలు ప్రభువు దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నాయన దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? నేను బాగున్నాను. ఒంటికి ఏమీ కాలేదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో మంచి కబుర్లు తక్కువ. ఫోన్లో అయితే సగంలోనే ఏడ్చేస్తాను, అందుకే రాస్తున్నాను.

ఎండ మన జమ్మలమడుగులో ఉన్నట్టే ఉంది. ఎర్ర దుమ్ము మాత్రం ఇక్కడిదే. పొద్దున ఆరేసిన తెల్ల చున్నీ మధ్యాహ్నానికి ఇటుక రంగుకు తిరుగుతుంది. నేనుంటున్న ఇంటి సరోజమ్మ టీచరు రోజూ జొన్నరొట్టె, పప్పు పెడుతుంది. మొదట్లో అన్నం లేక కడుపు నిండినట్టే ఉండేది కాదు. ఇప్పుడు అలవాటైంది. నా తిండి గురించి అమ్మను బెంగపడొద్దని చెప్పు.

కంప్యూటర్లో పరిచయమైన వాళ్ళు నిజం మనుషులేనా అని పోయినసారి అడిగావు కదా. ఆ సంగతే రాస్తాను. ఇనుప ఖనిజం తోలే లారీల ఆఫీసులో నేను లారీ నంబర్లు, లోడ్లు టైపు చేస్తానని నీకు తెలుసు. పక్క సీట్లో వనజ. రూపనగుడి రైతుల అమ్మాయి, రోజూ బస్సులో వచ్చిపోయేది. వచ్చిన కొత్తలో ఆదివారం గుడి అయిపోయాక నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. అది చూసి వనజే నన్ను ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోయింది. ఇద్దరం కలిసి బళ్ళారిలో ఉన్న తెలుగువాళ్ళ కోసం ఒక పేజీ తెరిచాం. అద్దెకు గది కావాలని ఒకరు, కన్నడం నేర్పేవాళ్ళు కావాలని ఒకరు, గోంగూర ఏ సందులో దొరుకుతుందని ఒకరు రాసేవాళ్ళు. కొన్నాళ్ళకు, ముఖాలు చూసుకోకుండా ఎన్నాళ్ళు రాసుకుంటామని ఎవరో అన్నారు. అప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు కోట గుట్ట కింద కలుస్తున్నాం. ఒకరు ఉగ్గాని తెస్తే ఇంకొకరు బజ్జీలు తెస్తారు. మోక నుంచి, ఎమ్మిగనూరు నుంచి కూడా బస్సెక్కి వస్తారు. మా గుడిలో పాటలు పాడే దాసు కూడా అలా కలిసినవాడే. మందుల షాపులో పని చేస్తాడు, నవ్వకుండా జోకులు చెబుతాడు. ఇక్కడ నేను నవ్వడం మొదలుపెట్టింది ఆ ఆదివారాల్లోనే అక్కా.

పోయిన నెలలో చీకటి పడే వేళకు దాసు బండి మీద ఇంటికి పోతుంటే వెనకనుంచి ఖనిజం లారీ గుద్ది, ఆగకుండా పోయింది. కాలు నుజ్జయింది. రక్తం చాలా పోయిందని డాక్టర్లు అంటే నేను పేజీలో రాశాను. కంప్యూటర్ దగ్గర లేనివాళ్ళకు వనజ ఫోన్లు చేసింది. ఆస్పత్రి వరండా నిండిపోయింది. ఎప్పుడూ చూడని ముఖాలు కూడా వచ్చాయి. వనజ కూడా రక్తమిచ్చి, కళ్ళు తిరుగుతుంటే నా భుజం మీద తల పెట్టి కూర్చుంది. దాసు బతికాడు. మోకాలి కింద కాలు మాత్రం తీసేశారు.

లారీ ఏదో ఎవరికీ తెలియలేదు. మూడు నాలుగు రోజుల తరువాత, రోడ్డు పక్క టీకొట్టు అతను చూసి చెప్పిన నంబరని ఎవరో పేజీలో పెట్టారు. ఆ నంబరు నేను రోజూ టైపు చేసేదే. వనజ నాన్న రామచంద్రప్పది. వనజ అప్పటికే ఆఫీసుకు రావడం మానేసింది. ఎవరికీ చెప్పకుండా నేను రూపనగుడి బస్సెక్కాను.

వనజ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

“నంబరు చూసినావా?” అంది.

“చూసినా” అన్నాను.

“రక్తం ఇచ్చేటప్పుడు నాకు తెలీదు కరుణా. ఇంటికొచ్చినాక డ్రైవరు చెప్పినాడు. రెండు దినాలు నిద్ర లేకుండా తోలినాడంట. ఇంకో ట్రిప్పు పోయిరా అని నాయనే పంపినాడు.”

రామచంద్రప్ప లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మిరప చేను దుమ్ముకు పాడైపోతే, ఇక సేద్యం సాగదని లారీ కొన్నాడట. ఆయన నాతో ఆ ఒక్క మాటే చెప్పి మళ్ళీ గోడవైపు తిరిగాడు.

నేను వనజతో ఎవరికీ చెప్పనన్నాను. కానీ దాసు దగ్గరకు పోయి తెలియనట్టు కూర్చోవడం నా వల్ల కాదని కూడా చెప్పాను. తను లేచి చెప్పులేసుకుని నాతో బస్సెక్కింది. సెంటరులో కూర్చుని తన పేరుతోనే రాసింది: “ఆ లారీ మా నాయనది. తప్పు మాది. ఎవరేమనాలన్నా నన్ను అనండి.”

అన్నారక్కా. మా చేత్తో ఉగ్గాని తిన్నవాళ్ళే అన్నారు. ఎదురుగా ఉంటే నోటికి రాని మాటలు అక్కడ రాశారు. ఆంధ్రా నుంచి వచ్చి మా కొండలు తవ్వుకుంటున్నారని ఇక్కడివాళ్ళు ఎవరో మొదలుపెట్టారు. వనజ వాళ్ళు తరతరాలుగా రూపనగుడిలోనే ఉన్నారు. ఇంకొకరు కులం ఎత్తారు. మిషన్ వాళ్ళు, అంటే మా గుడివాళ్ళు, కావాలని రచ్చ చేస్తున్నారని మరొకరు. నేను ఆ మాటలు చెరుపుతూ కూర్చున్నాను. చెరిపేకొద్దీ వచ్చాయి. మమ్మల్ని కలిపిన చోటే ఇలా అయితే ఆ కలవడం నిజమా కాదా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

మరునాడే రామచంద్రప్ప డ్రైవరును వెంటబెట్టుకుని పోయి లారీని పోలీస్ స్టేషన్ ముందు నిలబెట్టాడు. మా మేనేజరు నన్ను పిలిచాడు. “సుమ్నె, ఊరికే ఎందుకమ్మా మనకీ గొడవ? ఆ పేజీ మూసెయ్. లేదంటే సీటు ఖాళీ చెయ్” అన్నాడు. మూస్తే వనజ చేసిన పని కూడా చెరిగిపోతుంది. మూయనని చెప్పి వచ్చేశాను. ఈ సంగతి నాయనకు అప్పుడే చెప్పకు. సరోజమ్మ టీచరు తను చదువు చెప్పిన బడిలో నాకు పని అడుగుతానంది.

పోయిన బుధవారం రామచంద్రప్ప ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో రెండు ఎళనీర్లు, అదే కొబ్బరిబోండాలు. వెనక వనజ. మా వాళ్ళు కొందరు లేచి బయటికి పోయారు. నేను కూడా పోవాలో ఉండాలో తెలియక నిలబడ్డాను. దాసు కళ్ళు మూసుకున్నాడు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అప్పుడు దాసు అమ్మ, ఎస్తేరమ్మ, స్టూలు ముందుకు జరిపింది.

“నిలబడొద్దప్పా, కూచో. నిలబడినోళ్ళు బిరీన పోతారు. నువ్వు అంత బిరీన పోయేదానికి లేదు. నా కొడుకు లేచేదాకా ఈడ పని ఉండాది” అంది.

ఆయన కూర్చున్నాడు. ఆ రోజునుంచి పగలు వచ్చి మంచం పక్కన ఉంటున్నాడు. దాసును ఎత్తి కూర్చోబెడతాడు, బెడ్‌పాన్ అందిస్తాడు. దాసు ఆయనతో ఇంకా ఒక్క మాట మాట్లాడలేదు. ఏ పూట ఎవరు అన్నం తెస్తారో పేజీలో రాసుకుంటున్నాం. అలిగి పోయినవాళ్ళలో కొందరి పేర్లు మళ్ళీ కనిపిస్తున్నాయి, కొందరివి లేవు. ఈరోజు గుట్ట కింద కొద్దిమందిమే కలిశాం. వనజ వచ్చింది కానీ ఏమీ తినలేదు.

ఇంటికి వచ్చెయ్యమని అనకు అక్కా. ఇప్పుడు రాలేను. శుక్రవారం అన్నం వంతు నాది. వీలైతే మన ఊరి నుంచి ఇటు వచ్చే ఎవరితోనైనా అమ్మ పెట్టిన చింతకాయ తొక్కు పంపు. దాసుకు ఏదీ నోటికి రుచించడం లేదు.

అమ్మకు, నాయనకు, బావకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. పాస్టరయ్యగారికి, ఆయన ఇంట్లో పెద్దలకు నా నమస్కారాలు చెప్పి, నాకోసం దీవెన అడుగు.

ఇంకొక్క మాట. గుడిలో ప్రార్థనకు పేర్లు అడిగినప్పుడు దాసు పేరు చెప్పు. దాని తరువాత రామచంద్రప్ప పేరు కూడా చెప్పు. ఆయన ఎవరని అడిగితే, దాసు మంచం దగ్గర కూర్చునే మనిషి అని చెప్పు.

నీ చెల్లెలు,
కరుణ