మూడో కాలమ్ గీయించుట గురించి

అనంతపురం,
తేది: 25-06-2005.

ఉపాధ్యాయుల పరస్పర బదిలీల ప్రత్యేకాధికారి వారి సముఖమునకు, తనకల్లు మండలం గుట్లోళ్లపల్లి ప్రాథమికోన్నత పాఠశాలలో గణితం చెప్పుచున్న తిప్పేస్వామి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పరస్పర బదిలీ ఫారంలో రెండు కాలమ్‌లు మాత్రమే ఉండుట వలన ముగ్గురు ఉపాధ్యాయులు, ఒక నర్సు, ఒక బట్టల దుకాణదారుడు, ఒక మూడేళ్ల పాప ఇబ్బంది పడుట – మూడో కాలమ్ గీయించుట గురించి.

సూచిక: 1) ఇదే విషయమై నేను పెట్టుకొన్న మూడు అర్జీలు. 2) వాటికి రాని జవాబులు.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఐదేళ్లుగా తనకల్లు మండలంలో పనిచేయుచున్నాను. నా భార్య పుష్పావతి తాడిపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె శాఖలో తనకల్లుకు ఖాళీ లేదు. మా ఇరువురి మధ్య దూరం మూడు బస్సులు: తనకల్లు నుండి కదిరి, కదిరి నుండి అనంతపురం, అక్కడి నుండి తాడిపత్రి. శనివారం బడి వదలగానే బయలుదేరి, ఆదివారం సాయంత్రం మళ్లీ బస్సెక్కుతాను. ఆ విధముగా మా కాపురము వారమునకు ఒక్క రోజు నడుచుచున్నది. అందులోనూ ఆమెకు ఆదివారం డ్యూటీ పడితే, నేను ఆసుపత్రి వరండాలో రోగుల బంధువులతో కలిసి కూర్చొనుచున్నాను.

2. మా కుమార్తె చి. లక్ష్మీప్రసన్నకు మూడేళ్లు. నన్ను దించుకొనేదీ, ఎక్కించేదీ తాడిపత్రి బస్టాండులోనే గనుక పాప మనసులో ఒక అభిప్రాయము స్థిరపడినది. మొన్న పక్కింటి హనుమక్క, "మీ నాయన యాడుంటాడు పాపా?" అని అడిగింది.

"బస్టాండులో."

"బస్టాండులో యాడ?"

"మూడో నంబర్లో."

మూడో నంబరు అనగా అనంతపురం బస్సులు ఆగు ప్లాట్‌ఫారం. వీధిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, బస్సెక్కి, కదిరి దాకా పుస్తకం తెరవలేకపోయాను. ఇది వ్యక్తిగత విషయమని ఎరుగుదును. అయినను రెండవ అంశముగా చేర్చడమైనది.

3. పై అంశములో పుస్తకం అని ఉన్నది గదా, దాని వివరము. ఇన్ని గంటలు బస్సులో ఏం చేయాలో తోచక దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ కట్టి, సీటు దొరికినప్పుడు చదివి, దొరకనప్పుడు కమ్మీ పట్టుకొని మననం చేసి, ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణుడనైతిని. ఆ చదువులో నాకు ఒంటబట్టినది ఒక్కటే. ఉన్నదాన్నే, కొత్తగా ఏమీ తేకుండా, ఎవరికీ నష్టం రాకుండా సర్దుకొంటే చాలామందికి మేలు జరుగుతుంది. పాఠశాలలో దీనిని అమలుపరచితిని కూడా. నూటనలభై మంది పిల్లలు, ఒకటే కుళాయి. మధ్యాహ్న భోజనానికి అందరూ ఒకేసారి చేతులు కడుక్కొనుటకు పోయి తోసుకొనెడివారు. చిన్న తరగతులు కడుక్కొనేటప్పుడు పెద్ద తరగతులు పళ్లాలు పరచుకొనేట్టు వరుస మార్చాను. రోజుకు ఇరవై నిముషాలు మిగిలాయి. సంతోషంగా వంట ఆంజినమ్మకు చెబితే ఆమె నడుము మీద చేయి పెట్టుకొని, "ఏం మిగిలిచ్చినావు సార్! ఆ ఇరవై నిముషాలూ పిల్లోళ్లు నా పొయ్యికాడే ఎగురుతాండారు" అన్నది. శాస్త్రమునకు ఇట్టి పరిమితులు ఉన్నవని అంగీకరించుచున్నాను.

4. ఇక అసలు సంగతి. నియమముల ప్రకారం నాకు తాడిపత్రి కావలెనన్న, తాడిపత్రిలో ఉండి తనకల్లు కోరుకొను గణిత ఉపాధ్యాయుడు ఒకడు కావలెను. మూడేళ్లు వెదికాను. అట్టివాడు ఇంకా పుట్టలేదు. తాడిపత్రి వదిలిపెట్టడానికి సిద్ధంగా ఉన్నవారు శ్రీ హనుమంతరాయుడు గారు ఒక్కరే. అక్కడి బండల పాలిష్ దుమ్ము వారి ఆయాసానికి పడదు. కానీ వారికి కావలసినది సొంతూరి పక్కనున్న గోరంట్ల. నేను వారింటికి నాలుగుసార్లు పోయి, "తనకల్లు గాలి కూడా బాగుంటుందన్నా" అని బతిమాలాను. "గాలి బాగుంటాది లేప్పా. ఆడ మా ఊరి రాగిముద్ద ఉండదు కదా" అన్నారు. ముద్దకు విరుగుడు నా వద్ద లేదు.

5. ఆ మరునాడు బడిలో అన్నం ముందు పెట్టుకొని ఊరికే కూర్చొంటే ఆంజినమ్మ చూసి, "ఏం సార్, ఉప్పెక్కువైందా?" అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె విని, "ఓస్, అంతేనా! కుండమార్పు పెండ్లిండ్లు చూడలేదా సార్ నువ్వు?" అన్నది.

కుండమార్పు అనగా మా పిల్లను మీ ఇంటికి, మీ పిల్లను మా ఇంటికి ఇచ్చిపుచ్చుకొనుట అని తమకు తెలియనిది కాదు. "అది రెండిండ్ల మధ్య గదమ్మా" అన్నాను.

"మాది మూడిండ్లది. నన్ను నల్లప్పకిచ్చిరి. నల్లప్ప చెల్లెల్ని చౌడప్పకిచ్చిరి. చౌడప్ప చెల్లెల్ని మా యన్నకు చేసుకొనిరి. ఒకే పందిట్లో మూడు తాళ్లు. ఎవురు కాదన్నా ముగ్గురిదీ ఆగిపోయేది. ఆ పొద్దు మా యన్న అలిగి గడ్డివాములో దాంకుంటే మూడూర్లోళ్లు ఎతికి పట్టుకొచ్చినారు."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎం.ఏ. రెండేళ్లలో నాకు తట్టనిది వంటపొయ్యి దగ్గర దొరికింది. తరువాత గ్రంథాలయంలో వెదుకగా, ఇండ్లు మార్చుకొనువారి గురించి విదేశీ పండితులు ఇదే సంగతిని లెక్కలు వేసి ఎప్పుడో నిరూపించినట్లు కనబడింది. వారి వ్యాసంలో గడ్డివాము లేదు. తక్కినదంతా ఆంజినమ్మ చెప్పినదే.

ఇక నేను మూడో ఇల్లు వెదకడం మొదలుపెట్టాను. గోరంట్లలో ఉండి తనకల్లు కోరుకొనువారు కావలెను. పదకొండు రోజుల్లో దొరికారు. శ్రీమతి మల్లీశ్వరి, గణిత ఉపాధ్యాయిని, గోరంట్ల. వారి భర్త భరత్‌కుమార్ గారికి తనకల్లులో బట్టల దుకాణం. అయ్యా, నేను ఐదేళ్లుగా చొక్కా గుడ్డ కొనుచున్న దుకాణమది. ఆయన గజంబద్ద పట్టుకొని కొలుస్తూ ఉంటే నేను ఎదురుగా నిలబడి ఎండల గురించి మాట్లాడేవాణ్ణి. ఆయనకూ నాకూ ఒకటే జబ్బని ఒక్కనాడూ తెలియలేదు.

కావున ఇప్పుడు పరిస్థితి ఇది: నేను తనకల్లు నుండి తాడిపత్రికి. హనుమంతరాయుడు గారు తాడిపత్రి నుండి గోరంట్లకు. మల్లీశ్వరి గారు గోరంట్ల నుండి తనకల్లుకు. ముగ్గురిదీ ఒకే సబ్జెక్టు, ఒకే కేడరు. ఏ బడిలోనూ కుర్చీ ఖాళీ ఉండదు, ఏ కుర్చీలోనూ ఇద్దరుండరు.

6. ముగ్గురమూ సంతకాలతో ఫారం పట్టుకొని తమ కార్యాలయమునకు పోగా, సెక్షన్ గుమాస్తా శ్రీ జయరాం గారు దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "కాలమ్‌లు రెండే ఉండాయి సార్. మూడో మనిషిని యాడ రాయాల?" అన్నారు.

"పక్కన మార్జిన్ ఉంది గదా."

"మార్జిన్లో మనుషుల్ని రాయకూడదు సార్."

అంతటితో ఊరుకోక నా పేరు చదివి, "తిప్పేస్వామి! పేరుకు తగినట్టే ముగ్గుర్నీ బాగా తిప్పుతాండావు" అని నవ్వారు. అయ్యా, పేరు తిప్పేస్వామి గానీ ఈ కార్యాలయం చుట్టూ తిరుగుచున్నది నేనే. ఇప్పటికి పద్నాలుగు పర్యాయములు.

తరువాత వారే ఒక ఉపాయం చెప్పారు. ముందు నేనూ, హనుమంతరాయుడు గారూ మార్చుకొని, తరువాత వారూ, మల్లీశ్వరి గారూ మార్చుకొనవలెనట. బాగానే ఉన్నది. కానీ ఒకసారి బదిలీ అయినవాడు రెండేళ్ల దాకా మళ్లీ కదలరాదని అదే ఫారం వెనుక అచ్చువేసి ఉన్నది. అనగా నేను తాడిపత్రి చేరి పాపను ఎత్తుకొంటాను, హనుమంతరాయుడు గారు రెండేళ్లు తనకల్లులో ముద్ద కోసం ఏడ్చుకొంటారు. ఆయన కన్నీళ్ల మీద కాపురం పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయనకు అంతకన్నా ఇష్టం లేదు.

7. మల్లీశ్వరి గారు బస్సుకు వెళ్లిపోగా, ఈ సంగతి జయరాం గారికి అర్థమగుటకై మేమిద్దరమూ వారిని ఎదురుగా ఉన్న కొండప్ప హోటలుకు పిలుచుకొనిపోయాము. నాకు టీ, హనుమంతరాయుడు గారికి చక్కెర లేని టీ, జయరాం గారికి కాఫీ చెప్పాము. గిరాకీ ఎక్కువగా ఉండి గ్లాసులు తారుమారైనవి. నా టీ జయరాం గారి ముందు, చక్కెర లేనిది నా ముందు, కాఫీ హనుమంతరాయుడు గారి ముందు పెట్టి పోయారు. నాకు ప్రాణం లేచి వచ్చినది. "చూడండి, మీ నియమం ప్రకారం ఒక్కొక్కరు ఒక్కసారే మార్చుకోవాలి, అదీ ఇద్దరిద్దరే" అన్నాను. జయరాం గారు తన గ్లాసు నాకిచ్చి నాది తీసుకొన్నారు. నాకు నా టీ వచ్చింది. వారి చేతిలో చక్కెర లేనిది మిగిలింది. ఒక గుక్క తాగి మొగం అష్టవంకరలు తిప్పారు. వారి కాఫీ ఎదురుగానే పొగలు కక్కుచున్నది. అయినా వారి వంతు అయిపోయినది.

అంతలో కొండప్ప వచ్చి, "ఏమప్పా ఇది, పిల్లోళ్ల మాదిరి! మొదట యాడివి ఆడ పెట్టి, ముగ్గురూ ఒకేసారి కుడిపక్కకు జరపండి, అయిపాయ" అని తానే జరిపించాడు. ఎవరి గ్లాసు వారికి వచ్చింది.

జయరాం గారు కాఫీ అంతా తాగి, మూతి తుడుచుకొని, "హోటల్లో కుదుర్తాది సార్. ఫారంలో కుదరదు" అన్నారు.

8. దరఖాస్తులకు ఆఖరు తేది ఈ నెల 30. ఈసారి తప్పితే జూలైలో మల్లీశ్వరి గారు ఉద్యోగానికి రాజీనామా పెట్టి దుకాణంలో కూర్చొంటానంటున్నారు. వారు పోతే చక్రం తెగుతుంది. హనుమంతరాయుడు గారు దుమ్ములోనే, నేను బస్సులోనే ఉండిపోతాము. ఇంకొక మూడో ఇల్లు వెదుకుటకు నాకు ఓపిక ఉన్నది గానీ, పాప అంతవరకు పెరగకుండా ఆగదు.

9. ఇందువలన ప్రభుత్వమునకు కలుగు ఖర్చు: స్కేలు ఒకటి, పెన్సిలు ఒకటి. రెండూ నేనే తెచ్చుకొన్నాను.

కావున తమరు దయతో మూడో కాలమ్ గీయుటకు అనుమతించి, ముగ్గురికీ ఒకే దినమున, ఒకే ఉత్తర్వున, ఆంజినమ్మ పెండ్లి పందిరి మాదిరిగా బదిలీ ఇప్పింప ప్రార్థన. వీలైనంత తొందరగా, వీలుకాకున్నను తొందరగానే చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంకా లేని మూడో కాలమ్ నుండి
తమ విధేయుడు,
తిప్పేస్వామి

తా.క.: ఈ అర్జీ టైపు చేసినది సదరు జయరాం గారే. బజారులో తెలుగు మిషన్ చెడిపోయి ఉండగా, భోజన విరామంలో కొట్టిపెడతానని వారే అన్నారు. 6వ అంశం దగ్గర ఆగి, "నన్ను ఇంత మొండోణ్ణి చేసినావేం సార్?" అన్నారు. మార్చమంటారా అని అడిగితే, "వద్దులే, ఉన్నదే కదా" అని మళ్లీ కొట్టారు. 8వ అంశం అయినాక మిషన్ ఆపి, "సార్, ఈ చక్రంలో గుమాస్తాలు పడతారా?" అని అడిగారు. వారి భార్య మడకశిర దగ్గర అంగన్‌వాడీ టీచరట. వారు ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఒంటరి గదిలో వండుకొని తింటున్నారట. పద్నాలుగుసార్లు వచ్చి పోయినా నేను ఒక్కసారీ అడగలేదు. సాయంత్రానికల్లా నలుగురు గుమాస్తాల చక్రం ఒకటి దాదాపు కుదిరింది. జతపరచిన ఫారంలో మూడో కాలమ్ పెన్సిలుతో గీసినది వారే. ఆ ఊపులోనే పక్కన నాలుగోది కూడా గీశారు. అది తమరు చూడనట్టు ఉండవలెను.

(ఈ కింద పెన్నుతో)

అయ్యా, నేను పుష్పావతిని, పై అర్జీదారు భార్యను. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటాయన నిద్రపోతాంటే ఇది చదివినాను. రేపు ఆయన మీకు ఇచ్చేలోపల రాస్తాండాను. ఇంట్లో ఏ కాగితం చూసినా మూడు చుక్కలు, మూడు బాణాలు. పాప టీకాల కార్డు వెనకాల కూడా గీసినాడు. బదిలీ ఇయ్యలేకపోతే ఆ గీతలన్నా మానమని ఒక మెమో ఇప్పించండి.

రెండో అంశంలో ఆయన రాయనిది ఒకటుండాది. ఆయనకు తెలీదు, నేను చెప్పలేదు. పోయిన బుధవారం పాప చెప్పులేసుకోని వాకిట్లో నిలబడి, నాయన ఇంటికి పోదామని ఒకటే ఏడుపు. సరేలెమ్మని తీసుకుపోయినాను. మూడో నంబరు కాడ బల్ల మీద కూర్చోని, వచ్చిన ప్రతి బస్సుకూ లేచి చూసింది. మూడు బస్సులు చూసినాక, "నాయన ఇంట్లో లేడుమా" అని తానే నా చెయ్యి పట్టుకొని ఎనక్కి తిరిగింది.

మీరు ఆ గీత పక్కన సంతకం పెట్టండి సార్. మూడో నంబరు ఆ పొద్దే ఖాళీ చేయిస్తాం.